లాకు తలుపు చేత్తోనే తియ్యాలి

పోయిన ఆగస్టులో ఆరుగురం బెర్లిన్‌లో రైలెక్కి, గంటలో ల్యూబెనావ్‌లో దిగి, ష్ప్రేవాల్డ్ కాలవల్లో రోజంతా తెడ్లతో కయాక్‌లు నడిపి వచ్చాం. దారిలో చాలా లాకులు దాటాం, అంటే కాలవలో ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి పడవని దించే, ఎక్కించే, రెండు వైపులా తలుపులున్న నీటి గదులు. తిరుగు రైల్లో మొదలైన వాదన ఒకటి ఇంకా తెగలేదు. మాతో వచ్చిన ఒక తమ్ముడు, కార్ల తయారీలో ఇంజనీరు, ఎర్రబడ్డ అరచేతులు చూపించి అడిగాడు. "అక్కా, ఇది జర్మనీ కదా. ఇక్కడ షాపు ముందు నిలబడితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మరి ఆ లాకుల దగ్గర మనమే దిగి, హ్యాండిల్ తిప్పి, తలుపులు తోసుకోవడం ఏంటి? ఒక మోటారు, ఒక మీట పెట్టడానికి ఎంతవుతుంది?"

అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. "అలా ఉంటేనే బాగుంది" అన్నాను. అది ఒక్కరోజు సరదాకి వెళ్లినవాళ్ల మాట అని నాకూ తెలుసు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. ఇప్పుడు గట్టిగా చెప్పగలను, ఆ లాకులకి మోటార్లు పెట్టకూడదు. పాతవి కాబట్టి అలాగే ఉంచాలని కాదు, ఫొటోల్లో బాగుంటాయనీ కాదు. నీళ్ల కోసమే చెబుతున్నాను.

తలుపుని పట్టి ఉంచేది నీరే

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి లాకు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. కానీ నా చిన్నప్పటికే మా వైపు లాకు అన్నది బస్టాపు పేరైపోయింది. "లాకుల దగ్గర దిగుతాం" అని కండక్టరుకి చెప్పేవాళ్లం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలవలు పొలాలతో పాటు పడవలకీ పనికొచ్చాయి. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు, అన్నీ ఆ నీళ్ల మీదే తిరిగాయి. లారీలు వచ్చాక పడవలు పోయాయి, పడవలతో పాటు ఆ తలుపులతో పనీ పోయింది. నేను చూసింది వంతెననీ, దాని పక్కన టీ కొట్టునీ మాత్రమే. లాకు లోపల పడవలో కూర్చుని నీళ్లతో పాటు దిగడం నాకు ష్ప్రేవాల్డ్‌లోనే మొదటిసారి.

ష్ప్రే నది బెర్లిన్ చేరడానికి ముందు, ఇంచుమించు వాలే లేని పల్లపు నేలలో వందల పాయలుగా విడిపోతుంది. ఆ నేలని ఇక్కడ తరతరాలుగా ఉంటున్న సోర్బులు తమ భాషలో బ్వొత అంటారు, బురద నేలలని అర్థం. పాయలు ఎలా పుట్టాయో వాళ్లకో కథ ఉంది. దెయ్యం అరక కట్టి దున్నుతుంటే ఎద్దులు బెదిరి, నాగలిని ఎటు పడితే అటు ఈడ్చుకుపోయాయట. ఆ చాళ్లలో నీళ్లు నిండి కాలవలయ్యాయట. మా ఊళ్లో చెప్పినా ఎవరూ కొత్తగా చూడరు ఆ కథని.

ఇంత పల్లంలో నీటి మట్టం బెత్తెడు తగ్గినా పచ్చిక నేల ఎండిపోతుంది. అందుకే అక్కడక్కడా చిన్న అడ్డుకట్టలు వేసి నీటిని మెట్లు మెట్లుగా నిలిపారు. ప్రతి కట్ట పక్కనా పడవలు దాటడానికి ఒక లాకు. మోటారు పడవలతో విహారానికి ఇక్కడ తావు లేదు. కయాక్‌లు, కనూలు, గెడ వేసి నడిపే కాన్ అనే బల్లపరుపు పడవలు మాత్రమే తిరుగుతాయి. చాలా లాకుల దగ్గర కాపలా మనిషి ఉండడు. ఏ వరసలో ఏం చెయ్యాలో రాసిన బోర్డు ఒకటి ఉంటుంది, అంతే.

మొదటి లాకు దగ్గర మా తమ్ముడు దిగాడు. కింది తలుపు మూసి, పై తలుపుకున్న తూము హ్యాండిల్ తిప్పి తెరిచాడు. నీళ్లు గదిలోకి సుడి తిరుగుతూ వచ్చాయి. కాసేపటికి నిండినట్టే కనిపించింది. వాడు వీపు ఆనించి తలుపు తోశాడు, కదల్లేదు. మరొకరు వెళ్లి కలిశారు, ఇద్దరూ తోశారు, ఊహూఁ. అప్పటికి లోపలికీ బయటికీ బెత్తెడు తేడా ఉంది. రెండు నిమిషాలు ఊరుకున్నాం. మట్టాలు సమం కాగానే అదే తలుపు ఒంటిచేత్తో తోస్తే తెరుచుకుంది.

నా ఆలోచన మొదలైంది అక్కడే. నీళ్లు సమం అయ్యేదాకా ఆ తలుపుని నీరే పట్టి ఉంచుతుంది. బలం ఉన్నవాడికీ తొందరలో ఉన్నవాడికీ ఒకటే నియమం. ఒక పడవ దిగడానికి ఎన్ని నీళ్లు కిందికి పోతాయో ఆ రెండు నిమిషాలూ కళ్లారా చూడాల్సిందే. గది ఇరవై మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, పైకీ కిందికీ ఒక మీటరు తేడా అనుకోండి. వంద ఘనపు మీటర్లు, అంటే లక్ష లీటర్లు. ఎండాకాలంలో హైదరాబాద్ వీధుల్లో తిరిగే పదివేల లీటర్ల ట్యాంకర్లు పది. ఒక కయాక్, అందులో ఇద్దరు మనుషులు దాటడానికి అన్ని నీళ్లు. మీట నొక్కితే జరిగిపోయే పనైతే ఈ లెక్క నాకు తట్టేదే కాదు. మీట నొక్కి ఫోన్ చూసుకుంటూ ఉండేదాన్ని.

వెనక్కి పిలిచిన పెద్దావిడ

మూడో లాకు దాటాక నవ్వుకుంటూ ముందుకు పోతున్నాం. వెనక నుంచి గట్టిగా ఒక కేక. కాన్ మీద నిలబడి గెడ పట్టుకున్న ఒక పెద్దావిడ చెయ్యి ఊపుతోంది. ఏదో మర్చిపోయామేమో అనుకుని తిరిగి వెళ్లాం. ఆవిడ కింది తలుపు తూముని చూపించింది. మేం దాన్ని సగం తెరిచే వదిలేశాం.

కోప్పడలేదు. నిదానంగా చెప్పింది. "మీ తర్వాత వచ్చేవాళ్లు పై తూము తెరుస్తారు. గది నిండదు. ఎందుకు నిండడం లేదో వాళ్లకి తెలియదు. పై నీళ్లన్నీ కిందికి పోతూనే ఉంటాయి." తనే మూసి వెళ్లిపోవచ్చు. కానీ పడవని గట్టుకి ఆనించి, మేం మూసేదాకా ఆగింది. మా తమ్ముడే తిప్పాడు. తర్వాత ఆ రోజు ఇంకో నాలుగు లాకులు దాటాం. ప్రతిసారీ తూములు పడ్డాయో లేదో వాడే రెండోసారి వెళ్లి చూసి వచ్చాడు. వాదనలో వాడు నాకు ఎదుటి పక్షమే, కానీ ఈ ఒక్క విషయం వాణ్ణి అడిగి ఒప్పించాల్సిన పని లేకపోయింది.

మోటారు పెడితే తూము దానంతటదే మూసుకుంటుంది కదా, ఆ పొరపాటే జరగదు కదా అని వాడు అన్నాడు. నిజమే. యంత్రం మనిషికంటే తక్కువ మర్చిపోతుంది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఒక్కో లాకునీ విడిగా చూస్తే మోటారు వల్ల కొన్ని నీళ్లు మిగలొచ్చు కూడా.

కానీ మా ఇంటి సంగతి గుర్తొస్తుంది. ఊళ్లో మా పెరట్లో బోరింగు ఉండేది. నేను ఏడో తరగతిలో ఉండగా దానికి మోటారు బిగించి, డాబా మీద ట్యాంకు కట్టారు. అమ్మకి నడుం నొప్పి తగ్గింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ తర్వాత వారానికి నాలుగు రోజులు ట్యాంకు పొంగి గోడ మీద నుంచి నీళ్లు కారేవి. "మోటారు కట్టెయ్యండ్రా" అని పక్కింటి నుంచి అరుపులు. బోరింగు కొట్టడం ఆపడం మాత్రం ఎవరూ ఎప్పుడూ మర్చిపోలేదు. చెయ్యి ఆగితే నీళ్లు ఆగేవి. ఎన్ని బిందెలు కావాలో కొట్టేవాళ్ల భుజానికి తెలిసేది.

నీళ్లు తేలిగ్గా వస్తే వాడకం పెరుగుతుంది. మోటారు ఒక్కో లాకు దగ్గర మిగిల్చే నీటికంటే, దాటడం తేలికైనందుకు పెరిగే పడవలు తీసుకునే నీరు ఎక్కువని నా నమ్మకం. ఇప్పుడు ఒక జంట లాకు ముందు ఆగి, "దిగి తిప్పాలి కదా, ఇంకో పడవ వస్తుందేమో చూద్దాం" అనుకుంటారు. ఆ బద్ధకం నీటికి మేలు చేస్తోంది. నాలుగు పడవలు కలిసి దాటినా పోయేది అదే లక్ష లీటర్లు కదా.

పెదనాన్న ఒప్పుకోలేదు

ఇదంతా ఉత్సాహంగా మా పెదనాన్నకి ఫోన్లో చెప్పాను. డెబ్భై నాలుగేళ్ల మనిషి, కాలవ శివారులో రెండెకరాలు. నీళ్ల గురించి మా ఇంట్లో ఆయన కంటే తెలిసినవాళ్లు లేరు. అంతా విని, "బాగుందమ్మా, వింటానికి చాలా బాగుంది. మన కాలవ మీద అలా వదిలేస్తే శివారుకి చుక్క నీరు రాదు" అన్నారు.

ఆయన చెప్పింది నేను ఎరగనిది కాదు, మర్చిపోయింది. కాలవ వదిలిన కొత్తలో, నారుమళ్ల వేళ, పైవాళ్లు రాత్రిళ్లు బ్యాటరీ లైట్లు పట్టుకుని వచ్చి షట్టర్ ఎత్తేసుకునేవాళ్లు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులు పెడితే, వంతు తెల్లారేలోపు ఎవరిదో ఒకరిది గల్లంతు. కాలవ కాపలా చూసే లస్కరు గొలుసు వేసి తాళం బిగించి, ఆ తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. "ఆ లస్కరు ఉన్నన్నాళ్లే మాకు పంట. ఆ పోస్టులో మనిషి లేని ఏడాది ఊడ్చిన చేను ఎండిపోవడం నువ్వు చూళ్లేదు. అందరి చేతికీ హ్యాండిల్ ఇచ్చేస్తే బలమున్నవాడిదే నీరు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన మాట పూర్తిగా నిజం. మరి ఇక్కడ చెల్లుతున్నది అక్కడ ఎందుకు చెల్లదు? "వాళ్లకి క్రమశిక్షణ ఉంది, మనకి లేదు" అనే మాట మన గ్రూపుల్లో వెంటనే వస్తుంది. నేను ఒప్పుకోను. బెర్లిన్‌లో తొమ్మిదేళ్లలో నా సైకిల్ రెండుసార్లు పోయింది. దొరికితే తీసుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు.

రెండు వారాలు పట్టింది తేడా ఎక్కడుందో తెలియడానికి. షట్టర్ ఎత్తినవాడికి లాభం తన చేలోకి వస్తుంది, నష్టం మాత్రం నాలుగు మైళ్ల అవతల, తను చూడని మనిషికి. లాకు అలా కాదు. అందులో నీళ్లు దొంగిలించి ఇంటికి పట్టుకుపోయేదేమీ లేదు. తూము తప్పుగా వదిలితే ముందు ఇబ్బంది పడేది, ఇంకా ఎక్కువసేపు ఆగాల్సింది ఆ పడవవాళ్లూ, వాళ్ల వెనకే వచ్చేవాళ్లూ. తన సుఖమూ నీటి క్షేమమూ ఒకే వైపు ఉన్నాయి, పైగా ఆ తలుపు సమయం కాకుండా తెరుచుకోదు. అలాంటి చోట మనిషి చేతిని నమ్మొచ్చు.

ఇంకో సంగతి సెప్టెంబరులో వెళ్లినప్పుడు గమనించాను. లాకు పక్కనే కట్ట ఉంటుంది కదా, పచ్చికలకీ చెట్లకీ మట్టం నిలిపే అసలు షట్టర్లు ఉండేది దానికి. వాటిని దారిన పోయేవాళ్లు ముట్టుకోకూడదు. దానికి వేరే సిబ్బంది, వేరే తాళం. అంటే పెదనాన్న చెప్పిన లస్కరు ఇక్కడా ఉన్నాడు. పదడుగుల దూరంలో ఒక హ్యాండిల్ అందరిదీ, ఒకటి ఎవరికీ అందనిదీ. ఈ మాట పెదనాన్నకి మళ్లీ ఫోన్ చేసి చెబితే, "అదీ, అలా చెప్పు మరి" అన్నారు.

దిగలేనివాళ్లు, ఒంటరివాళ్లు

నా వాదనలో నాకే గుచ్చుకునే ముల్లు ఒకటుంది. సెప్టెంబరులో ఒంటరిగా వెళ్లినప్పుడు తెలిసింది. ఒక్కళ్లే ఉంటే కయాక్‌లోంచి మెట్ల మీదకి దిగాలి, తాడు చేత్తో పట్టుకునే హ్యాండిల్ తిప్పాలి, మళ్లీ కిందికి దిగి పడవలో కూర్చోవాలి, గది ఖాళీ అయ్యాక మళ్లీ పైకెక్కాలి. చెక్క మెట్లు పాచి పట్టి ఉన్నాయి. కాలు జారి మోకాలు కొట్టుకుంది. నీళ్లు సుడి తిరుగుతుంటే పడవ గోడకి గుద్దుకుంటోంది. ఆ ఐదు నిమిషాలు చాలా టెన్షన్ పడ్డాను. నాకు నలభై దాటాయి, మోకాళ్లు బాగానే ఉన్నాయి. బాగాలేనివాళ్ల సంగతి?

"వేరేవాళ్లు సాయం చేస్తారు" అనడం సులువే. నాకూ చేశారు. తర్వాతి లాకు దగ్గర ఒక జంట నన్ను దిగనివ్వకుండా తామే తిప్పారు. కానీ సాయం దొరకడం అదృష్టం. దానిమీద ఆధారపడి ఎవరూ ఇంటి నుంచి బయల్దేరలేరు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి "ఎవరో ఒకరు వస్తారులే" అని చెప్పడం న్యాయం కాదు. సెలవుల్లో కొన్ని లాకుల దగ్గర ఊరి పిల్లలు నిలబడి, తలుపులు తీసి, చిల్లర అందుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మనసు ఒప్పలేదు, పిల్లలతో పనేంటి అనిపించింది. ఒక పదేళ్ల పాప నీళ్లు సమం అయ్యాయో లేదో ఒక కంటితో చూసి, అరచేత్తో తలుపు తట్టి చూసుకోవడం గమనించాక ఆ ఇబ్బంది కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

అందుకని ఇంతవరకూ ఒప్పుకుంటాను. జనం ఎక్కువ తిరిగే ఒకటి రెండు దారుల్లో ప్రతి లాకుకీ జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలి, మెట్ల పక్కన గట్టి పట్టు, జారని పలకలు ఉండాలి. మనిషిని పెట్టడం మోటారు పెట్టడం కంటే ఖరీదే. అయినా అదే కావాలంటాను. దిగలేనివాళ్లకి కావలసింది దగ్గరుండి చూసుకునే మనిషి, మీట కాదు.

నీళ్లు తగ్గే రోజులు

లేడ అనే పల్లె ఉంది, ల్యూబెనావ్ పక్కనే. 1929 దాకా అక్కడికి పడవ తప్ప దారి లేదు. ఇప్పటికీ వేసవి నెలల్లో పోస్టు కాన్ మీదే వస్తుంది. మోటారు కావాలని అడిగే హక్కు ఎవరికైనా ఉంటే ముందు ఈ ఊళ్లవాళ్లకే ఉంది. మేం ఏడాదికి రెండుసార్లు వచ్చేవాళ్లం, వాళ్లకి అది వీధి. అందుకే గట్టు మీద దోసకాయ ఊరగాయ అమ్ముతున్న ఒక పడవాయన్ని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "చెక్క విరిగితే నేను బాగుచేస్తాను. మోటారు కాలితే ఎవరో వచ్చేదాకా అందరం ఆగాలి" అన్నాడు. మా కాలవ మీద షట్టర్ మర గ్రీజు లేక బిగుసుకుపోయి, రెండు వేసవులు దాటినా ఎవరూ రాక, రైతులే గునపాలతో ఎత్తిన సంగతి నాకు గుర్తొచ్చింది. ఆయనకి చెప్పేంత జర్మన్ ఉన్నా చెప్పలేదు, సిగ్గేసింది.

అసలు భయం వేరే ఉంది. ష్ప్రే పారే లుసాటియా ప్రాంతపు బొగ్గు గనుల్లో తవ్వకం కోసం వందేళ్లుగా భూగర్భ జలం తోడి ష్ప్రేలోకి వదులుతున్నారు. నదిలో ఇప్పుడు కనిపించే నీటిలో చాలా భాగం గనుల నీరే. బొగ్గు వాడకం 2038 కల్లా ఆపాలని చట్టం చేశారు. ఆపాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. గనుల వల్ల కొట్టుకొచ్చే ఇనుము నది పైభాగంలో నీళ్లని తుప్పురంగు చేసింది కూడా. కానీ పంపులు ఆగితే నదీ తగ్గుతుంది. ఎండాకాలపు పొడి నెలల్లో ష్ప్రేలో నీరు కొన్నిచోట్ల 75 శాతం దాకా తగ్గిపోవచ్చని జర్మనీ కేంద్ర పర్యావరణ సంస్థ 2023లో ఒక అధ్యయనంలో హెచ్చరించింది. బెర్లిన్ తాగునీటికి కూడా ఈ నది ఒక ఆధారం. మా వంటింటి కుళాయి ఈ వాదనకి బయట ఏమీ లేదు.

అలాంటి నదికి ప్రతి లాకు గదీ ఒక లెక్కే. రేపు నీళ్లు కరువైతే ముందు ఆగేది మా విహారాలే, ఆగాలి కూడా. చాలా కట్టల పక్కన పడవని గట్టు మీదుగా లాగి అవతల దించుకునే రోలర్లు ఉన్నాయి. వాటిని వాడితే చుక్క నీరు పోదు, కష్టం మాత్రం ఇంకా ఎక్కువ. తలుపు చేత్తో తీసే అలవాటు ఉన్నవాడికి రోలర్ మీద లాగడం ఇంకొక్క మెట్టు. మీటకి అలవాటు పడ్డవాడికి అది శిక్షలా కనబడుతుంది. ఇది మా తమ్ముడికి రాసి పంపితే, "అక్కా, ఇద్దరం ఉంటే రోలర్ ఓకే, ఒక్కడినే అయితే కష్టం" అన్నాడు. అది కూడా నిజమే. వసంతంలో ఇద్దరం కలిసి వెళ్లి రోలర్ల మీదుగానే తిరిగి చూద్దామని ఒప్పుకున్నాం.

అక్టోబరులో చివరిసారి వెళ్లినప్పుడు సాయంత్రం నాలుగు దాటింది. చెట్ల ఆకులు నీళ్ల మీద పసుపుగా తేలుతున్నాయి, లకుముకి పిట్ట ఒకటి కట్ట మీద నుంచి లేచి పోయింది. నేను కిందికి దిగాలి, గది ఖాళీగా ఉంది. నా ఒక్క పడవ కోసం దాన్ని నింపాలి. హ్యాండిల్ మీద చెయ్యి వేశాక, దిగువన మలుపు దగ్గర గెడ కొస ఒకటి పైకీ కిందికీ ఆడుతూ కనిపించింది. వాళ్లు ఎక్కడానికి ఎలాగూ గది నిండుతుంది. వాళ్లు బయటికొస్తే అవే నీళ్ల మీద నేను దిగొచ్చు. చెయ్యి తీసి, కయాక్ తాడు కొక్కానికి కట్టి, గట్టు మీద కూర్చున్నాను. చలిగా ఉంది. ఆ పడవ మలుపు తిరగడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది.